రెండక్షరాలు, ఆపైన ఎఫ్-త్రీ

పోయిన వారం నేను నోరు జారిన దగ్గర ఆగాం. వారమంతా మీలో ఎంతమంది నన్ను తిట్టుకున్నారో నాకు తెలుసు. తిట్టండి, పడతాను. ఈ వారమే కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నా ఘనకార్యం ఇంకోసారి చెప్పక తప్పదు.

నేను అంబికను. కుందలహళ్ళిలో ఒక ఆఫీసులో పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం నాది. మౌస్ ముట్టకుండా పని చేస్తానని నాకు మహా పొగరు. కంట్రోల్-సి, కంట్రోల్-వి, ఆల్ట్-ట్యాబ్ అంటూ వేళ్ళతోనే అన్నీ కానిచ్చేస్తాను. పక్క సీటు కిరణ్మయి మౌస్ వెతుక్కునేలోపు నా మెయిలు వెళ్ళిపోయి ఉంటుంది. మా మేనత్త పార్వతమ్మకు కె.ఆర్.పురంలో, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురు సందులో టైపింగు అంగడి ఉంది. మూడు వారాల కిందట ఒక సాయంత్రం పత్రం సగంలో ఉండగా కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి కంప్యూటరూ ఆరిపోయింది. టార్చి కోసం లేచిన అత్త మెట్టు తప్పి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నేను సెలవు పెట్టి వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాను.

ఆ కుర్చీకి ఎదురుగా ఇంకో కుర్చీ ఉంది. అది చిక్కమునియప్పది. లైసెన్సున్న దస్తావేజుల రైటరు, పేటలో అందరికీ రైటరయ్య. అరవై దాటాడు, పెళ్ళి చేసుకోలేదు. కళ్ళు మూసుకుని, మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా పత్రమంతా నోటితో చెబుతాడు, ఎదురుగా అత్త కొడుతుంది. టైపు మిషను రోజుల నుంచీ ఇదే వరస. ఒక్కో పత్రానికి రెండేసి గంటలు. రెండు వారాలకు నాకు ఓపిక చచ్చింది. "మీరు చెప్పడం వల్లే లేటు రైటరయ్యా! పాత పత్రం కాపీ చేసి పేర్లు మారిస్తే ఇరవై నిమిషాలు. అత్త గిరాకీ అంతా ఎదురంగడికి పోయిందంటే మీ వల్లే," అనేశాను.

ఆ పూట ఆయన పత్రం చివరిదాకా చెప్పి వెళ్ళాడు. మర్నాడు మాత్రం, "పై సోమవారం ములబాగిలుకు పోతా ఉండానమ్మా. తమ్మునింట్లో ఉండిపోతా. లైసెన్సు వాపసు ఇచ్చేస్తా," అని చల్లగా చెప్పాడు. ఈ సంగతి అత్తకు చెప్పే ధైర్యం నాకు లేదు. ఇరవై ఆరేళ్ళకే భర్తను పోగొట్టుకుని, ఆ అంగడిని ఒంటి చేత్తో నిలబెట్టిన మనిషికి, ఎదుటి కుర్చీ ఖాళీ అవుతోందని, అదీ నా నోటి దురుసువల్లేనని ఎలా చెప్పను?

ఇక ఈ శుక్రవారం సంగతి.

పొద్దున పది గంటలకు రైటరయ్య వచ్చి, తన రేకు పెట్టె తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. స్టాంపు ప్యాడు, కళ్ళద్దాల డబ్బా, పాత పెన్నులు ఒక్కొక్కటే తుడిచి అందులో సర్దుతున్నాడు. సారీ చెప్పాలని వారం నుంచి చూస్తున్నాను. మా ఆఫీసులో అయితే రోజుకు పాతికసార్లు అనే మాట, ఆయన ముందు గొంతులోంచి రాదు.

అంతలో మునినారాయణప్ప అనే పాత గిరాకీ వచ్చాడు. హొసకోటె దగ్గర తన ఇంటి స్థలంలో సగం చెల్లెలు చెన్నమ్మకు దానంగా రాసిస్తాడట. చెన్నమ్మ ఎదురుగా టీ హోటల్లో కూర్చుంది.

"రైటరా, నువ్వే చెప్పాలప్పా. మా నాయన పత్రం నువ్వే చెప్పింది, నాదీ నువ్వే చెప్పాల," అన్నాడు మునినారాయణప్ప.

రైటరయ్య పెట్టె మూత దించి, కళ్ళు మూసుకున్నాడు. "రాసుకో అంబికా. ఇది నా చివరి పత్రం."

పత్రం కన్నడంలో. మాటలు చాలావరకు మనకూ తెలిసినవే, కాస్త గంభీరంగా ఉంటాయి. ఆయన చెబుతుంటే నిజం చెప్పొద్దూ, బాగుంటుంది. తొందరపడడు. ఒక్కో మాట దగ్గర ఊపిరి నిలిపి, తర్వాతి మాటను మెల్లగా దించుతాడు. కానీ నాకు కన్నడం కీబోర్డు అలవాటు లేదు. దానికి తోడు అత్త కీబోర్డు మీద అక్షరాలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి. ఆఫీసులో మహారాణిని, ఇక్కడ తడుముకుంటున్నాను. ఆయన "చెక్కుబందీ" అన్నాడు. అంటే స్థలానికి నాలుగు దిక్కులా ఏమేమున్నాయో చెప్పే భాగం. వేగం అందక, తర్వాత నింపుకుందాంలే అని 'చక' అని రెండక్షరాలు పెట్టుకున్నాను. లైను మార్చే కంగారులో వేలు పై వరుసలో ఎక్కడో పడింది.

తెరమీద సగం పేజీ నిండిపోయింది.

చూస్తే చెక్కుబందీ మొత్తం అక్కడుంది. తూర్పుకు ఖాళీ, పడమరకు ఖాళీ, పేర్లు రాయాల్సిన చోట గీతలు. మిగతా మాటలన్నీ ఆయనవి. నేను వేలు పెట్టిన చోటు చూసుకున్నాను. ఎఫ్-త్రీ. అక్కడ ప్లాస్టిక్ అరిగి చిన్న పల్లం పడి ఉంది. ఒసేయ్ అంబికా అనుకున్నాను. ఇది నాకు తెలియని విద్య కాదు. ముందే దాచుకున్న రాతకు రెండక్షరాల పేరు పెట్టి ఎఫ్-త్రీ నొక్కితే అదంతా వచ్చి కూర్చుంటుంది. మా ఆఫీసులో దీని గురించి నేనే క్లాసు తీసుకున్నాను! నా గొప్పలు తగలెయ్య, మా అత్తకు ఇవేవీ తెలియవనుకున్నాను.

చెయ్యి ఊరుకుంటుందా? కొత్త పేజీ తెరిచి 'దప' కొట్టాను. దానపత్రం కదా. ఎఫ్-త్రీ నొక్కాను. నాలుగు పేజీలు దిగాయి. రైటరయ్య దానపత్రాల్లో తప్ప ఇంకెక్కడా ఉండని మాట, "ఎవరి బలవంతమూ లేక, నవ్వుతూ ఇచ్చినది" అన్నది కూడా చివరి పేజీలో ఉంది. మునినారాయణప్ప తెచ్చిన పాత పత్రం చూసి పేర్లు నింపాను. నాలుగంటే నాలుగు నిమిషాలు. ఎదురుగా ఆయన ఇంకా తూర్పు దిక్కులోనే ఉన్నాడు.

ఉన్నట్టుండి ఆగి, కళ్ళు మూసుకునే అడిగాడు. "ఏమ్మా, కొట్టేది నిలిపితివే? ఆ సప్పుడు లేకుంటే నాకు మాట రాదు."

ఇక్కడైనా నోరు మూసుకోవచ్చు కదా. నా నోటికి తాళం ఎక్కడుంది? "అయిపోయింది రైటరయ్యా," అన్నాను.

"ఏమయిపోయింది? పడమర ఇంకా చెప్పనే లేదే."

కుర్చీలోంచి లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. ఆయన అలా ఇవతలి పక్కకు రావడం నేనెప్పుడూ చూడలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని తెరకు దగ్గరగా వంగాడు. పైనుంచి కిందకు చదివాడు. చదువుతుంటే పెదవులు కదులుతున్నాయి. తన మాటలేనని తెలుస్తూనే ఉంది.

మునినారాయణప్ప కూడా తొంగిచూసి పకపకా నవ్వాడు. "ఏమప్పా రైటరా, నువ్వు నోరు తెరవక ముందే పత్రం తయారయిందే! మరి ఇన్నేండ్లు మమ్మల్ని రెండు గంటలు ఎందుకు కూర్చోబెడతివి?" పాపం ఆయన మనసులో ఏమీ లేదు, సరదాకే అన్నాడు.

రైటరయ్య నవ్వలేదు. "ఇది ఎవురు చేసింది?" అన్నాడు నాతో.

"అత్తే. ఇట్లాంటివి చాలా ఉన్నాయి." ఆ పట్టీ తెరిచి చూపించాను. క్రయానికి, భాగాలకు, వీలునామాకు, బాడుగకు, ఒక్కోదానికి రెండేసి అక్షరాలు. నూట పదమూడు ఉన్నాయి.

"కంప్యూటరు మార్చినప్పుడంతా పెన్‌డ్రైవులో ఏదో భద్రంగా మోసుకొస్తా ఉండె. ఇరవై ఏండ్లుగా మోస్తా ఉండె. ఇదేనా?" అన్నాడు. "అంటే నేను చెప్పేది ఎవురికీ పని లేదు. పత్రం లోపలే ఉండాది. నేను గోడకు చెప్తా ఉంటినా? ఎదురుగా కూర్చుని ఆమె సుమ్నే, ఊరికే, టకటక కొడతా ఉండెనా?"

"అట్ల కాదు రైటరయ్యా..."

"మరెట్ల? నువ్వు నిజమే చెప్తివి అంబికా. లేటంతా నా వల్లే. ఆమె ఒక్క మాట అనక ఓర్చుకొని ఉండాది. ఒక్క దినం చెప్పి ఉంటే నేనే లేచి పోయేవాణ్ణి కదా." ప్రింటు తీసుకున్నాడు. పత్రం రిజిస్ట్రేషనుకు పంపేముందు ఇరుపక్షాలకూ చదివి వినిపించడం ఆయన పద్ధతి. "చెన్నమ్మకు చదువు రాదు. చదివి చెప్పి వస్తా. వచ్చి నా పెట్టె తీసుకుంటా. సోమవారం వరకు ఎందుకు, ఈ దినమే పోతా."

మునినారాయణప్పను వెంటబెట్టుకుని రోడ్డు దాటాడు. నాకు ఏడుపొచ్చేసింది. వారం కిందట నేను పెట్టిన చురక ఒకటైతే, ఇప్పుడు పెట్టింది దానికి పదింతలు. మంచి చేయబోయి చెడగొట్టానని కూడా అనుకోవడానికి లేదు, మంచి చేద్దామన్న ఆలోచనే నాకు రాలేదు.

తల పట్టుకుని తెర వైపు చూస్తుంటే ఒక అనుమానం వచ్చింది. పత్రం నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ఆయన రెండు గంటలు చెబుతాడు. ఆ రెండు గంటలూ టకటక వినిపించేది. మరి అత్త కొట్టిందేమిటి?

తెరకు ఎడమ పక్క, కరెంటు పోయిన రోజున సేవ్ చేయకుండా మిగిలిపోయిన ఫైళ్ళ పట్టీ ఒకటి మూడు వారాలుగా కనిపిస్తూనే ఉంది. అడ్డంగా ఉందని రోజూ పొద్దున్నే దాన్ని మూసేసేదాన్ని. ఇవాళ తెరిచాను. పేరు లేని ఫైలు ఒకటే ఉంది. అక్షరాలు కన్నడం, మాట మన తెలుగు. మా ఇంట్లో ఉత్తరాలు కూడా అలాగే రాస్తారు.

'ఈ దినం గొంతు బొంగురుగా ఉండాది. నిన్న వానలో తడిసినట్లుండాడు. గొడుగు తెచ్చుకోడు, ఎవురు చెప్పాల. చొక్కా మూడో గుండీ ఊడి మూడు దినాలాయె. సూది దారం నా సంచీలోనే ఉండాయి, ఇట్లియ్యండి అని అడిగేదెట్ల...'

అక్కడ ఆపేశాను. నాకు నోరెక్కువే కానీ, బొత్తిగా బుద్ధి లేనిదాన్ని కాదు. ఫోను తీసి అత్తకు చేశాను. రైటరయ్య వెళ్ళిపోతున్న సంగతి, నేనన్న మాట, ఎఫ్-త్రీ బయటపడ్డ వైనం, అన్నీ ఒక్క గుక్కలో కక్కేశాను.

"ఆ ఫైలు చదివితివా?" అంది అత్త.

"రెండు మూడు లైన్లే అత్తా."

"మిగిలింది ముట్టొద్దు. మూసెయ్యి. ఆయన్ను పోనియ్యొద్దు, టీ తాపించో, కాళ్ళు పట్టుకునో నిలుపు. ఆటో పట్టుకొని వస్తా ఉండా."

ఇల్లు మార్కెట్టు వెనకాలే. పావుగంటలో దిగింది. మెడకు కట్టిన గుడ్డలో కుడి చెయ్యి, ఎడమ చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని మెట్లెక్కింది. జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోలేదు. ఎప్పుడూ మడత నలగని చీర కట్టే మనిషి!

"ఊళ్ళో వాళ్ళకంతా బుద్ధి చెప్తావు. పెద్దాయన్ని అట్ల అనేదానికి నోరెట్ల వచ్చెనే?" అంది నన్ను చూడగానే. నేను తల దించుకున్నాను. నెత్తి మీద చిన్నగా మొట్టి, "సరే, పోనీ బిడు, ఏడవద్దు," అంది.

రైటరయ్య తిరిగొచ్చాడు. అత్తను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "చేయి అట్ల పెట్టుకొని ఎందుకు వస్తివి పార్వతమ్మా?"

"మీరు చెప్పకుండా పోతా ఉండారంట కదా. అందుకు వస్తి."

ఆయన లోపలికి వచ్చాడు, కూర్చోలేదు. పెట్టె మీద చెయ్యి వేసి, "ఒకటే అడుగుతా, నిజం చెప్పు. ఇరవై ఏండ్లు నా మీద జాలి పడితివా?" అన్నాడు.

"జాలి మీద ఎవురైనా ఇరవై ఏండ్లు కూర్చుంటారా రైటరయ్యా?"

"మరెందుకు? ఎదురంగడిలో ఇరవై నిమిషాలకు పత్రం ఇస్తా ఉండారు. నీకు అంతకంటే బిరీనా చేసే ఉపాయం ఉండాది. అది దాచిపెట్టి, దినానికి రెండు పత్రాలతో నిలిచిపోతివి. నీ వ్యాపారం నా నోటితో నేనే చెడిపినట్లు కాలేదా?"

"రెండు పత్రాలు నాకు చాలు. మొదట్లో చేయి నొప్పని చేసుకుంటి అవన్నీ. మీకు చెప్పేద్దామనే ఉంటి. రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అనుకుంటా ఉండగానే తెలిసిపోయె నాకు." నేనున్నానని గుర్తొచ్చిందేమో, అత్త నా వైపు చూసింది. చూసి కూడా ఆపలేదు. "రెండక్షరాలు కొడితే పత్రం వస్తాది రైటరయ్యా. మీ గొంతు రాదు."

రైటరయ్య పెట్టె మీది చెయ్యి తీసేశాడు. నేను గోడకు అతుక్కుపోయాను. బయట స్టాంపుల అంగడి దగ్గర ఎవరో టోకెను నెంబర్లు పిలుస్తున్నారు.

ఆయన మెల్లగా అన్నాడు. "ఇప్పుడు చెప్తే ఎట్ల పార్వతమ్మా? తమ్మునికి మాట ఇచ్చేసినా. గదికి సున్నం కొట్టించినాడు."

"నేను మొదలే చెప్పాల్సింది. చెప్పలేక పోతి. మీరు చెప్తా ఉంటే నేను ఏమి కొడతా ఉంటినో అది కూడా చూడండి. చూసినాక పోవాలంటే పోండి, నేను నిలపను." నా వైపు తిరిగింది. "అంబికా, ఆ ఫైలు తెరువు."

తెరిచాను. ఆయన మళ్ళీ బల్ల చుట్టూ తిరిగొచ్చి చదవడం మొదలుపెట్టాడు. నేను చదవని భాగానికి కూడా వెళ్ళాడు. అందులో ఏముందో నేను చూడలేదు, చూడాలనిపించినా తల పక్కకు తిప్పుకున్నాను. చదువుతూ చదువుతూ ఆయన చెయ్యి చొక్కా మూడో గుండీ దగ్గరకు వెళ్ళింది. అక్కడ ఇప్పటికీ పిన్నీసే ఉంది. కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని మొదటినుంచి చదివాడు.

"ఇది దినామూ రాస్తా ఉంటివా?"

"దినామూ."

"ఇదొకటే ఉండాదే. మిగిలినవి?"

"సేవ్ చెయ్యకుండా మూసేస్తా ఉంటి. ఎవురైనా చూస్తే ఎట్ల."

ఇరవై ఏళ్ళ మాటలు. పత్రానికి రెండేసి గంటలవి. సాయంత్రమయ్యేసరికి అన్నిటినీ తన వేలితో తనే చెరిపేసుకున్న మనిషి నాకు పక్కనే నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ ఈమెనా నేను "అత్తా, నీకు కంప్యూటరు సరిగ్గా రాదు" అని వెక్కిరించింది? సిగ్గేసింది. ముద్దు పెట్టుకోవాలని కూడా అనిపించింది.

"జరగవే," అంది అత్త. లేచాను. తన కుర్చీలో కూర్చుని, ఎడమచేతి చిటికెనవేలు కంట్రోల్ మీద ఆనించి, చూపుడువేలు చాచి ఎన్ నొక్కింది. తెల్లటి పేజీ తెరుచుకుంది. "పోయేముందు ఒక పత్రం రాయాల రైటరయ్యా. దీనికి నా దగ్గర రెండక్షరాలు లేవు. ఎట్ల మొదలవుతాదో కూడా నాకు తెలీదు. మొత్తం మీరే చెప్పాల."

రైటరయ్య వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. నలభై ఏళ్ళ అలవాటు కదా, కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

"రాయించుకునేవారి పేరు?"

"పార్వతమ్మ," అంది అత్త. ఒక్కో అక్షరం ఎడమచేత్తో వెతుక్కుని కొట్టింది.

"రాసిచ్చేవారు?"

"చిక్కమునియప్ప."

ఆ పేరు అత్త నోట వినడం నాకు ఇదే మొదలు. ఆయనకూ అంతేననుకుంటాను. కళ్ళు తెరిచాడు. అత్త తల ఎత్తలేదు.

"ఏమి రాసిస్తా ఉండాడు?" అని అడిగాడు.

"అది ఆయన చెప్పాల. నేను కొడతా," అంది అత్త, చెయ్యి కీబోర్డు మీదే పెట్టి.